సుందరమ్మ నిమ్ము

రూప కడుపు ఎత్తు తేలుతోందని గల్లీలో అందరికంటే ముందు సంబరపడింది ఆమె అత్త సుందరమ్మే. పెళ్లయి నాలుగేళ్లు. ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో నాలుగేళ్లంటే తక్కువేమీ కాదు. ఈపాటికి ఇద్దరు పిల్లలు బడికి పోతుండాల్సిందని పక్కింటి బేబీ లాంటివాళ్లు మొహం మీదే అనేవారు. అందుకే కోడలి చీర కుచ్చిళ్లు ముందుకు తోసుకొస్తున్నాయని కంటపడగానే సుందరమ్మకు కాలు నిలవలేదు. మూడో నెల నిండేదాకా నోరు కట్టుకోవాలన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. అయినా చింతపండు కొనబోయి కొట్టు దగ్గర ఒకసారి, చర్చిలో చాపలు చుడుతూ ఒకసారి నోరు జారింది. జారిందనడం కూడా మర్యాదకే. టాంటాం వేసింది.

కానీ ఆ కడుపు దారి వేరు. కడుపు పెరుగుతున్నకొద్దీ రూప మెడ, చేతులు సన్నబడుతూ వచ్చాయి. నెల తప్పిన మాట నిజమే గానీ వాంతులు లేవు, పులుపు మీద మనసు పోవడం లేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. అయినా పని ఆపలేదు. చార్మినార్ గాజుల దుకాణం నుంచి వచ్చే ఉత్త గాజుల మీద రాళ్లు అతికించే పని ఆమెది. పుల్ల చివర కాస్త మైనం అంటించి, దాంతో ఒక్కో రాయినీ ఎత్తి, జిగురు చుక్క మీద కూర్చోబెట్టి, గోటితో చిన్నగా అదమాలి. ఇదివరకు పళ్లెం ఒళ్లో పెట్టుకునేది. ఇప్పుడు ఒడి లేదు. పళ్లెం స్టూలు మీద పెట్టుకొని, కడుపు మీదుగా చేతులు చాపి అతికించేది. రాయి ఒక్కటీ వంకర పోయేది కాదు.

చివరికి ఆమె భర్త ప్రేమ్‌రాజ్ సెలవు పెట్టి మెయిన్ రోడ్డు మీది నర్సింగ్‌హోముకు తీసుకుపోయాడు. అతను రైల్వేలో ట్రాక్‌మన్. ఎండలో పట్టాలు ఎత్తే మనిషి, స్కానింగు గది ముందు మాత్రం బెంచీ మీంచి లేవలేకపోయాడు. లోపల బిడ్డ లేదు. కడుపు నిండా నీళ్లున్నాయి, గర్భసంచి పక్కన గడ్డ ఉంది. రక్తంలో పదుల్లో ఉండాల్సిన ఏదో లెక్క వందల్లో ఉందన్నారు. అక్కడి డాక్టరు కాగితాల మీంచి తలెత్తకుండానే అండాశయం క్యాన్సర్ అని, గర్భసంచితో సహా మొత్తం తీసేయాలని, ఆలస్యమైతే మనిషి దక్కదని చెప్పేశాడు. పిల్లలున్నారా అని మాటవరసకైనా అడగలేదు. చేపల మార్కెట్లో చేప కోసేవాడు కూడా ముక్కలు ఎట్లా కొట్టమంటారని ఒక మాట అడుగుతాడు.

క్యాన్సర్ అనగానే గల్లీ కరిగిపోయింది. నాలుగేళ్లుగా సూటిపోటి మాటలన్న బేబీయే గిన్నె నిండా మేకకాళ్ల పాయా పట్టుకొచ్చింది. చర్చి ఆడవాళ్లు వంతులేసుకొని అన్నం పంపారు. పెద్ద రోగమంటే జనానికి ఒక భక్తి ఉంటుంది కాబోలు. సుందరమ్మ అవన్నీ తీసుకొని, గిన్నెలు కడిగి, ఖాళీగా పంపకూడదని ఇంత చక్కెరో బియ్యమో వేసి తిరిగి పంపేది. పంపుతూ ఏడ్చేది. ఎవరికీ కనపడని మనవణ్ణి గల్లీ అంతా చాటింది తానే కదా అని ఏడుపు.

నర్సింగ్‌హోము డాక్టరు చెప్పిన ఖర్చు వాళ్ల వల్ల అయ్యేది కాదు. సోమవారం పొద్దున ముగ్గురూ పెద్దాసుపత్రికి పోయారు.

అక్కడి డాక్టరు రాగసుధ కోస్తా మనిషి. మాట మెత్తన. బయట ఎంత జనమున్నా ఎదుటి మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా కలం ముట్టుకోదు. రూపను బల్ల మీద పడుకోబెట్టి, కడుపుకు ఒక పక్క అరచెయ్యి ఆనించి, రెండో పక్క వేలితో చిన్నగా కొట్టింది. లోపలి నీళ్లు అల వేసి వచ్చి అరచేతికి తగిలాయి కాబోలు, తల ఊపింది. జ్వరం ఎప్పుడొస్తుంది, చెమటలు పడతాయా, ఎంత చిక్కావు అని అడిగింది. పిల్లలు లేరా అనీ అడిగింది. రూప లేరంది. డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, సుందరమ్మ వైపు తిరిగింది.

"ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అమ్మా? ఇప్పుడు కాకపోయినా, వెనకటికి?"

"లేదమ్మా" అంది సుందరమ్మ. "అసొంటి రోగాలు మా ఇంట్ల లేవు."

ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది ఆ జవాబు. మూడేళ్లుగా నాలుక చివర కాపలా కాస్తున్న జవాబు కదా, ఎవరడిగినా అదే ముందుకొస్తుంది. రూప బల్ల మీంచి లేచి కూర్చొని చీర కొంగు సర్దుకుంటోంది.

రూప కాపురానికొచ్చిన ఏడే సుందరమ్మకు టీబీ వచ్చింది. ఆరు నెలలు మాత్రలు మింగింది. ఇంటి దగ్గరి దవాఖానాకు పోతే ఎవరైనా చూస్తారని రైలెక్కి ఊరి ఆ చివరకు పోయి మాత్రలు తెచ్చుకుంది. కొడుకుకు, గల్లీకి, చర్చికి నిమ్ము అని చెప్పింది. చలికి ఛాతీలో నిమ్ము చేరిందంటే ఎవరూ దూరం జరగరు, శొంఠి కషాయం తాగమంటారు, అంతే. టీబీ అంటే గ్లాసు వేరవుతుంది. పైగా ఆమె చర్చిలో వంటకు పెద్ద. ప్రేమవిందుకు డేగిశ పొయ్యి మీదికి ఎక్కాలంటే సుందరమ్మ రావాలి. ఆమె బగారా అన్నం, దాల్చా కోసం పక్క సంఘాలవాళ్లు కూడా ఏదో వంక పెట్టుకొని వచ్చేవారు. ఆ చేతికి టీబీ అని తెలిస్తే ఆ డేగిశ ముట్టేదెవరు? ఆమెకున్న పేరంతా ఆ గరిటె మీదే ఉంది.

కడుపులోంచి నీళ్లు తీయడానికి రూపను పక్కగదిలోకి పంపాక, రాగసుధ తల్లీకొడుకులను దగ్గరికి పిలిచింది. టీబీ సంగతి ఊరికే అడగలేదని చెప్పింది. అది ఊపిరితిత్తులకే వస్తుందనుకుంటారు గానీ ఆడవాళ్లకు పొత్తికడుపులోనూ వస్తుందట. వస్తే అచ్చం ఇట్లాగే ఉంటుందట. ఇవే నీళ్లు, ఇదే గడ్డ, రక్తంలో ఇదే లెక్క. స్కానింగులో రెండూ కవలపిల్లల్లా కనబడతాయి, పేరు పెట్టి పిలిస్తే గానీ తెలియదు.

"క్యాన్సరైతే పొట్ట తెరిచి తీసేయాలి. టీబీ అయితే కత్తితో పని లేదు, మాత్రలతో పోతుంది. అందుకే అంత గుచ్చి గుచ్చి అడుగుతాను" అంది రాగసుధ.

సుందరమ్మ ఉన్నదున్నట్టు చెప్పాలనుకుంది. పక్కన ప్రేమ్‌రాజ్ నిలబడి ఉన్నాడు. ఇందాక లేదన్న నోటితో ఇప్పుడు ఉందని చెప్తే డాక్టరమ్మ ముందు, కొడుకు ముందు తన మొహం ఏమవుతుంది? పరీక్షలు చేస్తున్నారు కదా, అందులో తేలుతుందిలే అనుకుంది. తన అబద్ధం సంగతి పరీక్షలే చూసుకుంటాయని వాటి మీద భారం వేసి బయటికి వచ్చింది.

పరీక్షలు ఆ భారం మోయలేదు. బుధవారం మళ్లీ పోతే, నీళ్లలో క్యాన్సర్ కణాలు కనబడలేదని, టీబీ క్రిమి కూడా కనబడలేదని చెప్పారు. ఉండి కూడా నీళ్లలో దొరక్కపోవడం రెండిటికీ మామూలేనట. గడ్డ రూపం చూసి పెద్ద డాక్టర్లు క్యాన్సర్ వైపే మొగ్గుతున్నారు. శుక్రవారం పొట్ట తెరవాలి. తెరిచాక క్యాన్సర్‌లాగే కనబడితే గర్భసంచి, అండాశయాలు అన్నీ తీసేస్తారు. గురువారం మధ్యాహ్నం చేరమన్నారు. రాగసుధ ఈ మాటలు చెప్పేటప్పుడు కాగితాన్ని ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిప్పింది. ఆమెకు పూర్తిగా మనసొప్పడం లేదని సుందరమ్మకు తెలుస్తూనే ఉంది.

ప్రేమ్‌రాజ్ సంతకం పెట్టాడు. రూప ఇంటికొచ్చి, దుకాణం వాళ్ల గాజులు మిగిలిపోతాయని స్టూలు ముందు కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టారు. పాస్టరు డానియేలు వచ్చాడు, చర్చి ఆడవాళ్లు వచ్చారు. గది నిండి గడప బయట కూడా చాపలు పరిచారు. పాటలయ్యాక, వాక్యమయ్యాక, ఎప్పటిలాగే డానియేలు సుందరమ్మను ప్రార్థన చెయ్యమన్నాడు. ఆ సంఘంలో సుందరమ్మ ప్రార్థన పేరున్నది. మొదలుపెడితే గల్లీలో జ్వరమొచ్చిన పిల్లవాడి దగ్గర్నుంచి పట్టాల మీద పనిచేసే కొడుకు దాకా ఒక్కరినీ వదలకుండా దేవుడికి అప్పజెప్పి గానీ ఆమెన్ అనదు. అంతలో పొయ్యి మీద టీ రెండుసార్లు మరుగుతుంది.

సుందరమ్మ ముసుగు సర్దుకొని మోకరించింది. "ప్రభువా" అంది. తర్వాతి మాట రాలేదు. మళ్లీ "ప్రభువా" అంది. ఎదుట ఉన్నది మనుషులైతే ఏదో ఒకటి చెప్పి దాటేయవచ్చు. నిమ్ము అని ఆయనకు చెప్పడమెట్లా? గొంతు దుఃఖంతో పూడుకుపోయిందనుకొని ఆడవాళ్లు ఒక్కసారిగా ముక్కులు చీదారు.

అప్పుడు రూప గోడ పట్టుకొని లేచి వచ్చి, అత్త పక్కన కూలబడి, ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"అత్తమ్మకు గొంతు బాగలేదు అయ్యగారూ, నేను చేస్త" అంది.

రూప ఎప్పుడూ నలుగురిలో ప్రార్థన చేసింది కాదు. ఆమెకు పెద్ద మాటలు రావు. "ప్రభువా, నీకు స్తోత్రం. తల్లి లేని నాకు ఇంత మంచి అత్తనిచ్చినవ్. కన్నబిడ్డ లెక్క చూసుకుంటది. రేపెల్లుండి నా కడుపుల ఏం తీసినా, ఏం ఉంచినా నీకు స్తోత్రమే. నా అత్తమ్మను ఏడిపియ్యకు" అంది. అంతే. ఆమెన్ అని అందరూ అన్నారు. సుందరమ్మ మాత్రం అనలేకపోయింది.

కోడలు కడుపు పోగొట్టుకోబోతూ తనకోసం మొక్కుతోంది. తను గరిటె పోతుందని నోరు మూసుకొని కూర్చుంది. ఇంతకంటే సిగ్గుమాలిన బతుకు ఇంకోటి ఉండదని ఆమెకు రాత్రంతా అనిపిస్తూనే ఉంది.

గురువారం తెల్లవారగానే, గుడిమల్కాపూర్ మార్కెట్లో కూరగాయలు సస్తాగా దొరుకుతాయని చెప్పి సంచీ పట్టుకొని బయల్దేరింది. ఆసుపత్రికి పోయి ఓపీ తలుపు పక్కనే నిలబడింది. టోకెన్ లేదని అటెండరు కసిరితే పక్కకు జరిగి మళ్లీ అక్కడికే వచ్చింది. రాగసుధ లోపలికి పోతూ గుర్తుపట్టి ఆగింది.

"మొన్న నేను లేదన్న, డాక్టరమ్మా. ఉన్నది. నాకే వచ్చింది. అందరికీ నిమ్మని చెప్పిన. నిమ్ము కాదు, టీబీ."

చివాట్లు పడతాయని తల వంచింది. రాగసుధ కోప్పడలేదు. లోపల కూర్చోబెట్టి, ఎప్పుడొచ్చింది, మాత్రలు ఎన్నాళ్లు వేసుకున్నారు, మధ్యలో ఆపారా, అప్పుడు రూప ఇంట్లోనే ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నీ విని, కుర్చీలో వెనక్కి వాలి, మొహం రెండు చేతులతో తుడుచుకుంది.

"నాకు మొదటి నుంచీ అనుమానంగానే ఉందమ్మా. వయసు చిన్నది, సాయంకాలం జ్వరం. కానీ చేతిలో ఆధారం లేక గట్టిగా అనలేకపోయాను. ఇప్పుడు అంటాను."

రేపు పొట్ట మొత్తం తెరవబోమని చెప్పింది. చిన్న రంధ్రం చేసి, కెమెరా పంపి, లోపల చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ ముక్క ఏ సంగతో చెప్పేదాకా దేన్నీ తీసేయరు. పెద్ద డాక్టర్లతో తాను మాట్లాడుతుంది. క్యాన్సర్ కాదని ఇప్పుడే మాటివ్వలేనని కూడా చెప్పింది.

సుందరమ్మ లేవబోయి మళ్లీ కూర్చుంది. "నా కాడికెళ్లే అంటిందా బిడ్డకు?"

"ఎవరు చెప్పగలరమ్మా? ఈ ఊళ్లో బస్సులో పక్కన కూర్చున్నవాళ్ల నుంచి కూడా రావచ్చు. మీకు రోగం రావడం తప్పు కాదు. వచ్చి చెప్పారు, అది చాలా మేలు చేసింది" అంది రాగసుధ. తర్వాత, టీబీ అని తేలితే ఇంట్లో అందరికీ పరీక్షలు చెయ్యాలని, ఈ సంగతి తాను ఎవరికీ చెప్పనని, కొడుకుకు ఆమే చెప్పుకుంటే బాగుంటుందని అంది.

సుందరమ్మ వంగి ఆమె కాళ్లు ముట్టబోయింది. డాక్టరమ్మ గబుక్కున కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఖాళీ సంచీతో ఇంటికి పోతే అనుమానమొస్తుందని దారిలో రెండు కట్టల తోటకూర కొంది.

శుక్రవారం ఆపరేషన్ గది తలుపు అనుకున్నదానికంటే చాలా ముందే తెరుచుకుంది. తొందరగా అయిపోయిందంటే మంచికో చెడుకో తెలియక ప్రేమ్‌రాజ్ గోడకు ఆనుకున్నాడు. రాగసుధ మాస్కు కిందికి లాగి, లోపలంతా సగ్గుబియ్యం చల్లినట్టు తెల్లటి పలుకులున్నాయని, ముక్క తీశామని, ఏదీ తీసేయలేదని చెప్పింది. ఆ పలుకులు రెండు రోగాల్లోనూ ఉంటాయట. ఇంకా ఎదురుచూడాలి.

ఆ ఎదురుచూసిన రోజుల్లో సుందరమ్మ మంచం పక్కన నేల మీద పడుకుంది. రూపకు తల దువ్వేది, జావ తాగించేది, పక్క మంచం ఆమెకు కూడా బాత్రూముకు పోవడానికి చెయ్యి ఆసరా ఇచ్చేది. కొడుకుకు చెప్పాలని రోజూ అనుకునేది. రిపోర్టు వచ్చాక చెప్తానని రోజూ వాయిదా వేసేది.

రిపోర్టు వచ్చిన రోజున రాగసుధ వార్డులోకి తనే నడిచి వచ్చింది.

"క్యాన్సర్ కాదు. టీబీ" అంది.

ప్రేమ్‌రాజ్ రూప కాళ్ల దగ్గర మంచం పట్టీ పట్టుకొని భోరున ఏడ్చాడు. టీబీ అని విని ఇంత సంతోషపడిన సంసారం ఆ వార్డులో ఇంకోటి ఉండదు. రూప నవ్వుతూ ఏడుస్తూ, "పిల్లలు?" అని అడిగింది. డాక్టరమ్మ తొందరపడలేదు. ముందు మాత్రలు ఒక్కరోజు కూడా మానకుండా పూర్తి చెయ్యాలి, పిల్లల మాట ఆ తర్వాత. తప్పకుండా పుడతారని మాటివ్వలేను గానీ, ఉండాల్సినవి ఉండాల్సిన చోటే ఉన్నాయి అంది. ఆ మాటకే సుందరమ్మ చేతులు రెండూ జోడించింది. దేవుడికో, డాక్టరమ్మకో ఆమెకే తెలియదు. ఇద్దరికీ సరిపోయేంత కృతజ్ఞత ఆ చేతుల్లో ఉంది.

ఇంటికొచ్చాక ప్రేమ్‌రాజ్ తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. గల్లీకి టీబీ అని చెప్పొద్దన్నాడు. క్యాన్సరంటే పాయా పట్టుకొచ్చినవాళ్లు టీబీ అంటే ఈ వాకిలి తొక్కరు, దుకాణం వాళ్లు గాజులు ఇయ్యరు అన్నాడు. "ఎవరన్న అడిగితే కడుపుల నిమ్ము చేరిందని చెప్దాం అమ్మా. నీకు అప్పట్ల గట్లనే చేరింది గద" అన్నాడు. సుందరమ్మ కొడుకు మొహం చూసింది. తాను దాచిన మాటనే వాడు అమాయకంగా తీసి భార్యకు కప్పుతున్నాడు. అప్పుడు కూడా ఆమెకు నోరు రాలేదు.

మర్నాడు పొద్దున పరగడుపున మాత్రలు మొదలు. ప్రేమ్‌రాజ్ స్నానం చేసి డ్యూటీకి పోవాలని వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు. సుందరమ్మ నీళ్ల గ్లాసు పట్టుకొని మంచం మీద కోడలి పక్కన కూర్చుంది. రూప మాత్రలు ఒక్కొక్కటీ మింగింది. కాసేపటికి సుందరమ్మ ఎటో చూస్తూ, కొత్తగా విన్న సంగతిలా అంది.

"ఈ గోలీలకు మూత్రం ఎర్రగొస్తదంట బిడ్డా. నెత్తురేమో అని ఫికర్ చెయ్యకు."

"ఎరుకనే అత్తమ్మా" అంది రూప. "నీకు గట్లనే వచ్చేది గద."

సుందరమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"మా కైలాసం మామకు వచ్చినప్పుడు చూసిన. నేను ఈ ఇంటికొచ్చిన ఏడే బాత్రూముల చూసి గుర్తువట్టిన. నువ్వు నీళ్లు పోసొచ్చేదానివి గని, బండల మీద రంగు ఇంక మిగిలేది. నువ్వు బయటికొచ్చినంక నేను పోయి ఇంకో రెండు చెంబులు పోసేదాన్ని. ఈయన చూస్తే నువ్వు చిన్నవోతవని."

సుందరమ్మ గ్లాసు కింద పెట్టింది. "మరి ఆ రోజు డాక్టరమ్మ అడిగితే ఎందుకు చెప్పలే?"

"నువ్వు పక్కన్నే కూసోని లేదన్నవ్. నేను ఉన్నదంటే నీ మాట ఏం గావాలె?" అని రూప దిండుకు ఆనుకుంది. "అది ఛాతికొచ్చే రోగమనుకున్న అత్తమ్మా. కడుపుకొస్తదని నాకేమెరుక."

తన పరువును తాను ఒక్కతే మోస్తున్నానని సుందరమ్మ ఇన్నాళ్లూ అనుకుంది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల రెండో కొస పట్టుకొని నడుస్తోందని, ఆ పట్టు వదలక కత్తి కిందికి కూడా పోబోయిందని ఇప్పుడు తెలిసింది. కోడలి మొహం రెండు అరచేతుల్లోకి తీసుకుంది. 

రూప లేచి బాత్రూముకు పోయి వచ్చింది. ఒంట్లో సత్తువ లేక సరిగ్గా నీళ్లు పోసినట్టు లేదు. వెనకే తువ్వాలు భుజాన వేసుకొని లోపలికి పోయిన ప్రేమ్‌రాజ్ కంగారుగా కేకేశాడు. "అమ్మా, ఇదేంది గింత ఎర్రగున్నది? నెత్తురా?"

రూప లేవబోయింది. సుందరమ్మ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టి, తానే వాకిట్లోకి వచ్చి నిలబడింది. పిట్టగోడ అవతల బేబీ గిన్నెలు తోముకుంటోంది.

"నెత్తురు గాదురా. టీబీ గోలీలకు గట్లనే వస్తది" అంది సుందరమ్మ, ప్రార్థన చేసే గొంతుతో. "మూడేండ్ల కింద నాకూ గట్లనే వచ్చింది. నాది నిమ్ము గాదు, టీబీ. గోలీలు మింగిన, తక్కువైంది. నీ పెండ్లానికి గూడ తక్కువైతది."

గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సుందరమ్మ గోడ వైపు తిరిగి అక్కడే నిలబడింది. కొంతసేపటికి ఆ చప్పుడు మళ్లీ మొదలైంది.